గేర్ రాడ్ లూజైతే ఏం వేయించాలి? నైలాన్, డెల్రిన్, గన్‌మెటల్, అల్యూమినియం, త్రీడీ ప్రింట్: మన ఊళ్ల లెక్కలో పోలిక

సింగరాయకొండ దాటాక మూడో గేరు నుంచి నాలుగుకి లాగాను. రాడ్ విరగలేదు, ఊడలేదు. గిన్నెలో గరిటె తిప్పినట్టు ఎటు తోస్తే అటు పోతోంది, బండి మాత్రం మూడో గేర్‌లోనే నడుస్తోంది. పక్కకి ఆపి, తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఆయన చెప్పిన ఒకే మాట: "బానెట్ ఎత్తి గేర్‌బాక్సు మీద చూడన్నా, కేబుల్ ఊడొచ్చుంటది." నిజమే. కేబుల్ చివర ఉండాల్సిన ప్లాస్టిక్ బుష్ (కేబుల్‌నీ గేర్‌బాక్సు లివర్‌నీ కలిపే చిన్న గుండ్రటి తొడుగు) బెల్లం ముక్కలా పొడైపోయి ఉంది. బైండింగ్ వైరుతో కట్టుకుని ఇల్లు చేరాను.

అప్పుడు చేసిన తప్పు వల్లే ఇది రాస్తున్నాను. "ఇక జన్మలో పోకూడదు" అని పట్టుబట్టి లేత్ షాపులో గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్ తీయించాను. గేరు టక్కుమని పడేది, చూసినవాళ్లందరికీ నచ్చింది. ఎనిమిది నెలలకి మళ్లీ లూజు. ఈసారి బుష్ చెక్కుచెదరలేదు. అది పట్టుకున్న ఇనప బంతి పిన్ను ఒక పక్క అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. ఆ పిన్ను విడిగా దొరకదు, గేర్‌బాక్సు మీది లివర్ మొత్తం మార్చాలి. టీ ఖర్చుతో పోయేదాన్ని వేలల్లోకి తెచ్చుకున్నాను.

అందుకే ఈ పోలికలో "ఏది అన్నిటికన్నా గట్టిది" అని వెతకను. గేర్ రాడ్ నుంచి గేర్‌బాక్సు దాకా ఉన్న గొలుసులో ఏదో ఒకటి ముందు పోవాల్సిందే. ఆ పోయేది చవకది, చేతికి అందేది, రోడ్డు పక్కన మార్చుకోగలిగేది అయ్యేలా చూసుకోవాలి.

ముందు ఎక్కడ పోయిందో తేల్చుకోండి

ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒకరిని సీట్లో కూర్చోబెట్టి గేర్లు మార్చమనండి. మీరు బానెట్ ఎత్తి గేర్‌బాక్సు దగ్గర చూడండి. లోపల రాడ్ కదిలిన వెంటనే బయట లివర్ కదలాలి. రాడ్ రెండు వేళ్ల దూరం కదిలాక గానీ లివర్ కదలకపోతే, మధ్యలో ఎక్కడో ఆ కదలిక మాయమవుతోంది. కన్సోల్ (లోపల గేర్ రాడ్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ పెట్టె) విప్పి అటు చివర కూడా చూస్తే దొంగ దొరుకుతాడు.

ఇప్పటి ముందు చక్రాల డ్రైవ్ కార్లలో ఎక్కువగా రెండు కేబుళ్లు ఉంటాయి, ఒకటి ముందుకీ వెనక్కీ, ఇంకొకటి పక్కలకి. మారుతీ 800 లాంటి పాత బండ్లలో కేబుల్ బదులు కింద నుంచి ఇనప రాడ్ పోతుంది. బొలెరో, సుమో లాంటి వాటిలో రాడ్ నేరుగా గేర్‌బాక్సు నెత్తినే కూర్చుంటుంది. పాత అంబాసిడర్లలో స్టీరింగ్ పక్కన ఉండే గేరు సంగతి వేరు, ఆ లింకులన్నీ చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి.

కేబుల్ తొడుగు లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతే ఎంత మంచి బుష్ వేసినా దండగే, కేబుల్ మార్చాల్సిందే. గేరు పడుతూ గరగర మంటున్నా, వేసిన గేరు దానంతట అదే న్యూట్రల్‌కి జారిపోతున్నా ముందు గేర్‌బాక్సు లోపల అనుమానించండి. దానికి ఈ వ్యాసం మందు కాదు.

దేన్ని చూసి ఎంచుకోవాలి

మొదటిది బలం. లెక్క వేశాక నాకే ఆశ్చర్యం కలిగింది.

సామాను తూచే కొక్కెం కాటా ఒకటి తీసుకుని గేర్ నాబ్‌కి తగిలించి లాగండి. నా బండిలో మామూలుగా 4 కిలోల దగ్గర గేరు పడుతుంది. చిరాకులో మొండిగా నెట్టినప్పుడు 12 దాకా పోయింది. రాడ్ ఊగే ఇరుసు పైన రాడ్ పొడవు 300 మిల్లీమీటర్లు, ఇరుసు కింద 60 అనుకుందాం. అంటే అయిదు రెట్లు. చేతి దగ్గర 12 కిలోలంటే బుష్ దగ్గర 60 కిలోలు, సుమారు 600 న్యూటన్లు. బంతి వ్యాసం 10 మిల్లీమీటర్లయితే ఆ బరువు పడే మేర 78 చదరపు మిల్లీమీటర్లు. ఒత్తిడి 8 మెగాపాస్కల్ (చదరపు మిల్లీమీటరుకి 8 న్యూటన్లు) కూడా రాదు. మామూలు డెల్రిన్ 60 పైనే తట్టుకుంటుంది.

అంటే బలం చాలక బుష్ పోవడం లేదు. వేడికి ఎండి, పెళుసై, దుమ్ముకి అరిగి పోతోంది. బలమైన ముక్క కోసం వెతికితే తప్పు రోగానికి మందు వేసినట్టే. ఈ మాట బుష్ వరకే. రాడ్ లెక్క వేరు, దాని సంగతి తర్వాత చెప్తాను.

రెండోది, ఎవరు ఎవర్ని అరగదీస్తారు. రెండు ముక్కలు ఒరుసుకునే చోట మెత్తనిది అరగాలి, ఆ మెత్తనిది చవకది కావాలి. నా గన్‌మెటల్ కథలో అది తిరగబడింది. నిజానికి గన్‌మెటల్ ఇనుము కన్నా మెత్తనే. కానీ దుమ్ము రేణువులు దానిలో గుచ్చుకుని ఉండిపోయి ఎమరీ కాగితంలా పనిచేస్తాయి, అవతలి పిన్నుని తింటాయి. గ్రీజు లేకపోతే ఇంకా త్వరగా.

మూడోది వేడి. మన రోహిణి కార్తె ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం వింత కాదు. బానెట్ కింద గేర్‌బాక్సు పక్కన ఇంకా ఎక్కువ. కన్సోల్ లోపల బాగా పనిచేసిన ముక్క బానెట్ కింద కరిగిపోవచ్చు. ఈ రెండు చోట్లనీ వేరువేరుగా చూడండి.

నాలుగోది తేమ, ఉప్పు గాలి. మైపాడు, కొత్తపట్నం పక్కన ఉన్నవాళ్లకి దీని గురించి నేను చెప్పనక్కర్లేదు. ఇనప గేటు ఎన్నేళ్లు ఉంటుందో వాళ్లకే తెలుసు. నైలాన్‌కి మాత్రం తుప్పుతో సంబంధం లేని ఇంకో బాధ ఉంది, అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది.

అయిదోది, పోయేటప్పుడు చెప్పి పోతుందా, చెప్పకుండా పోతుందా. మెల్లగా లూజయ్యే బుష్ మంచిదే, నెల ముందే తెలుస్తుంది. ఫటక్కుమని విరిగేది రాత్రి పూట హైవే మీదే విరుగుతుంది.

బుష్‌లు: ఒక్కొక్కటిగా

*కంపెనీ ముక్క.* చాలా కార్లకి బుష్ విడిగా అమ్మరు, కేబుల్ సెట్టు మొత్తం కొనాలి. కోపం వస్తుంది, కానీ కొత్త కేబుల్‌తో గేరు మెత్తదనం మొత్తం తిరిగొస్తుంది. బండి లక్ష కిలోమీటర్లు దాటి, కేబుల్ కూడా అదే వయసుదైతే ఇదే నా మొదటి సలహా. వారంటీలో ఉన్న బండికైతే రెండో ఆలోచనే వద్దు.

*నైలాన్ రాడ్ నుంచి తీసినది.* ఏ లేత్ షాపులోనైనా తెల్ల నైలాన్ ముక్క పడి ఉంటుంది, అరగంటలో తీసిస్తారు. దెబ్బకి ఓర్చుకుంటుంది, పగలదు. కానీ మన గాలిలో తేమకే 20 మిల్లీమీటర్ల బుష్ సుమారు పదో వంతు మిల్లీమీటరు ఉబ్బుతుంది. లేత్ మీద పొడిగా ఉన్నప్పుడు సరిగ్గా సరిపోయిన ముక్క వానాకాలానికి బిగుసుకుంటుంది. నైలాన్ తప్ప దొరకకపోతే, ముక్కని వేడినీళ్లలో కొన్ని గంటలు ఉంచి, ఉబ్బాల్సింది ఉబ్బాక చివరి కొలత తీయమనండి. లేత్ నడిపే టర్నర్ నవ్వుతాడు, నవ్వనివ్వండి.

*డెల్రిన్.* అసలు పేరు అసిటాల్, డెల్రిన్ అన్నది ఒక బ్రాండు. మనవాళ్లంతా డెల్రిన్ అనే అంటారు. ఇది నీళ్లు దాదాపు పీల్చదు, జారుడుగా ఉంటుంది, లేత్ మీద వెన్నలా తెగుతుంది, స్ప్రింగులా కొంచెం తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. ఆ చివరి గుణం చాలా ముఖ్యం. కేబుల్ చివర బుష్ బంతి మీదకి టప్పుమని ఎక్కాలి. అలా ఎక్కాలంటే మూతి ఒక క్షణం తెరుచుకోవాలి. ఇత్తడి, గన్‌మెటల్ తెరుచుకోవు. వాటికి మూతి వెడల్పు చేసి పైన సర్‌క్లిప్పో (గాడిలో పట్టుకునే స్ప్రింగు రింగు) మూతో పెట్టాలి. అంటే ఇంకో ముక్క, ఊడిపోవడానికి ఇంకో అవకాశం.

డెల్రిన్‌కీ లోపాలున్నాయి. వేడికి ఇనుము కన్నా చాలా ఎక్కువ పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బుష్ 40 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 0.09 మిల్లీమీటర్లు పెరుగుతుంది, గన్‌మెటల్ అయితే 0.015 దగ్గర. ఇనప రంధ్రంలో బిగించి కొట్టిన డెల్రిన్ బయటికి పెరగలేక లోపలికి పెరిగి బంతిని నొక్కేస్తుంది. కాబట్టి ఆ సందు ముందే వదలాలి. ఘాటు యాసిడ్ దీనికి పడదు. చాలా కార్లలో బ్యాటరీ సరిగ్గా గేర్‌బాక్సు పైనే కూర్చుంటుంది. బ్యాటరీ కారుతుంటే ముందు దాని సంగతి చూడండి.

నైలాన్‌నీ డెల్రిన్‌నీ చూసి పోల్చడం కష్టం, రెండూ తెల్లగానే ఉంటాయి, ఒకటి అడిగితే ఇంకొకటి ఇచ్చేవాళ్లున్నారు. చిన్న పరీక్ష చెప్తాను. గ్లాసు నీళ్లలో ఇక కరగనంత దాకా ఉప్పు కలపండి. ఆ నీళ్లలో నైలాన్ తేలుతుంది, డెల్రిన్ మునుగుతుంది. ఎందుకంటే ఆ ఉప్పునీటి సాంద్రత 1.2 దగ్గర, నైలాన్‌ది 1.14, డెల్రిన్‌ది 1.41. మామూలు నీళ్లలోనే తేలిపోతే అది రెండూ కాదు, తిప్పి పంపండి. కాల్చి వాసన చూసే పద్ధతి మాత్రం వద్దు, డెల్రిన్ పొగ కళ్లకీ ఊపిరికీ మంచిది కాదు.

*పాలీయురేథేన్.* రబ్బరుకీ ప్లాస్టిక్‌కీ మధ్య రకం. కన్సోల్ కింద రాడ్ బేస్ కూర్చునే నాలుగు రబ్బరు వాషర్ల స్థానంలో ఇది బాగుంటుంది. ఊగిసలాట తగ్గుతుంది, ఇంజను వణుకు చేతికి కొంచెం ఎక్కువ తెలుస్తుంది. బంతి మీద ఎక్కే బుష్‌కి మాత్రం వద్దు, జారదు, పట్టుకుంటుంది.

*ఇత్తడి, గన్‌మెటల్.* నేను కాలు కాల్చుకున్నది దీంతోనే, అయినా పక్షపాతం లేకుండా చెప్తాను. గుండ్రటి షాఫ్టు తిరిగే చోట, గ్రీజు నిపిల్ పెట్టడానికి వీలున్న చోట, పాత రాడ్ లింకేజీ బండ్లలో గన్‌మెటల్ చక్కగా పనిచేస్తుంది. ఒక పిన్ను చుట్టూ ఒకే దిశలో తిరిగే కీలుకి ఇది సరైనది. బంతి కీలుకి కాదు.

*త్రీడీ ప్రింట్.* కొలత చూసుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు. ప్రింటర్లలో మామూలుగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. అంటే మే నెలలో కన్సోల్ లోపలే వంగిపోతుంది. పీఈటీజీ 80 దగ్గర, ఏబీఎస్ 100 పైన. ఏదైనా పొరల మధ్యే విరుగుతుంది. బలం పడే దిశకి పొరలు అడ్డంగా కాకుండా వెంబడి పడేలా ముక్కని పడుకోబెట్టి ప్రింట్ చేయించాలి. ఊరు చేరడానికి ఏబీఎస్ ముక్క చాలు. ఏడాది పొడవునా నమ్ముకోవడానికి నేనైతే వేయను.

| రకం | వేడి | తేమ, ఉప్పు | అవతలి పిన్నుకి హాని | బంతి మీద ఎక్కుతుందా | ఎలా పోతుంది |
|---|---|---|---|---|---|
| కంపెనీ ప్లాస్టిక్ | మంచిది | మంచిది | తక్కువ | ఎక్కుతుంది | ఏళ్ల తర్వాత పెళుసై |
| నైలాన్ | మంచిది | ఉబ్బుతుంది | తక్కువ | ఎక్కుతుంది | మెల్లగా అరిగి |
| డెల్రిన్ | పర్వాలేదు, సందు వదలాలి | చాలా మంచిది | తక్కువ | బాగా ఎక్కుతుంది | మెల్లగా అరిగి |
| పాలీయురేథేన్ | మధ్యస్థం | పర్వాలేదు | లేదు | వాడొద్దు | చిట్లి |
| గన్‌మెటల్ | చాలా మంచిది | మంచిది | ఎక్కువ, గ్రీజు తప్పనిసరి | ఎక్కదు, సర్‌క్లిప్ కావాలి | పిన్నుని తిని |
| త్రీడీ ప్రింట్ | రకాన్ని బట్టి | రకాన్ని బట్టి | తక్కువ | ఒకటి రెండుసార్లు | ఫటక్కుమని |

రాడ్ విషయానికొస్తే

ఇక్కడ మాత్రం బలం లెక్కే. బుష్ దగ్గర 8 మెగాపాస్కల్‌తో సరిపెట్టుకున్న అదే 12 కిలోల తోపు, రాడ్ అడుగున ఎంత చేస్తుందో చూడండి. 300 మిల్లీమీటర్ల రాడ్ అడుగు బిగించి ఉందనుకుని లెక్క వేశాను.

| రాడ్ | బరువు (గ్రాములు) | అడుగున ఒత్తిడి (మెగాపాస్కల్) | నాబ్ దగ్గర వంపు (మి.మీ.) |
|---|---|---|---|
| 10 మి.మీ. మామూలు ఇనుము | 185 | 360 | 11 |
| 12 మి.మీ. మామూలు ఇనుము | 266 | 208 | 5 |
| 16 మి.మీ. ఇనప పైపు, 2 మి.మీ. మందం | 207 | 128 | 2.4 |
| 12 మి.మీ. అల్యూమినియం 6061 | 92 | 208 | 15 |
| 16 మి.మీ. అల్యూమినియం 6061 | 163 | 88 | 5 |

మామూలు మైల్డ్ స్టీలు 250 మెగాపాస్కల్ దగ్గర శాశ్వతంగా వంగిపోతుంది. అంటే 10 మిల్లీమీటర్ల రాడ్ మొండి చేతికి వంగుతుంది. రెండు మిల్లీమీటర్లు పెంచితే చాలు, బలం 1.7 రెట్లు, బిగువు (వంగకుండా నిలిచే గుణం) రెట్టింపు. రాడ్ బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరగడమే దానికి కారణం. "మంచి స్టీలు వేయించాలా, లావు పెంచాలా" అని అడిగితే, వీలైతే లావే పెంచండి. ఈఎన్8 లాంటి గట్టి స్టీలు వేసినా బలం పెరుగుతుంది గానీ వంపు ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గదు. బిగువు విషయంలో స్టీళ్లన్నీ దాదాపు ఒకటే. వంపే మీ బాధ అయితే ఖరీదైన స్టీలు మీకు ఏమీ చేయదు.

నా ఓటు పైపుకే. 12 మిల్లీమీటర్ల గట్టి రాడ్ కన్నా తేలిక, రెట్టింపు బిగువు. చిక్కంతా పైనా కిందా. నాబ్ మర పట్టడానికీ, ఇరుసు బంతి అతకడానికీ చివర్లలో గట్టి ముక్క దూర్చి వెల్డ్ చేయాలి. ఒకదాని మూతికి ఇంకొకటి ఆనించి చుట్టూ వెల్డ్ కొట్టడం కాదు. ఒక అంగుళం లోపలికి దిగాలి, పైపుకి పక్కన రెండు రంధ్రాలు వేసి వాటిలోంచి కూడా వెల్డ్ నింపాలి. విరిగిన పాత రాడ్‌ని అతికించడానికీ ఇదే పద్ధతి. ఆనించి అతికిస్తే వెల్డ్ దగ్గర కాదు, వెల్డ్ పక్కన వేడికి గుణం మారిన చోట ఇంకోసారి విరుగుతుంది.

అల్యూమినియం చూడ్డానికి బాగుంటుంది, ముఖ్యంగా కన్సోల్ విప్పి ఫొటో తీసేవాళ్లకి. బిగువు మాత్రం ఇనుములో మూడో వంతే. అదే కొలతలో వేస్తే గేరు రబ్బరు కర్రతో మార్చినట్టుంటుంది, 15 మిల్లీమీటర్ల వంపు అంటే అదే మరి. 16కి పెంచితే ఇనుముతో సమానమై బరువు ఇంకా తక్కువే ఉంటుంది. 6061 టీ6 రకానికి (వేడితో గట్టిపరచిన అల్యూమినియం) వెల్డ్ కొడితే ఆ చోట బలం చాలా వరకు పోతుంది, కాబట్టి ఒకే ముక్క నుంచి మిల్లింగ్ చేయించాలి. సముద్రం దగ్గరివాళ్లు అల్యూమినియం ముక్కకి ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ బోల్టు గానీ నేరుగా తగలనివ్వొద్దు. ఉప్పు తేమలో అల్యూమినియమే కరిగి తెల్లపొడి అవుతుంది. మధ్యలో నైలాన్ వాషర్ వేయించండి.

షార్ట్ షిఫ్టర్ సంగతి ఒక్క మాట. రాడ్‌ని 300 నుంచి 240కి కోయించుకుంటే చేతి ప్రయాణం అయిదో వంతు తగ్గుతుంది, బలం నాలుగో వంతు ఎక్కువ పెట్టాలి. ఆ తొందర అంతా చివరికి గేర్‌బాక్సు లోపల గేర్ల వేగం కలిపే సింక్రో రింగుల మీద పడుతుంది. కుర్రాళ్లు వినరని తెలుసు, అయినా చెప్తున్నాను.

మీ పరిస్థితి ఏది?

రోజూ నెల్లూరు నుంచి ఒంగోలుకో చెన్నైకో తిరిగే టాక్సీ, ఆఫీసు బండ్లకి కంపెనీ కేబుల్ సెట్టే. ఒక రోజు బండి ఆగితే పోయే డబ్బు ఆ తేడా కన్నా ఎక్కువ. డ్యాష్‌బోర్డు పెట్టెలో ఒక డెల్రిన్ బుష్ మాత్రం ఉంచుకోండి.

ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులకి తిరిగేవాళ్లకి డెల్రిన్. నైలాన్ వద్దు, అల్యూమినియం వద్దు, జింక్ పూత వేసిన బోల్టులు ఒక్క వానాకాలానికే ఎర్రబడతాయి. స్టెయిన్‌లెస్‌లో 304 కన్నా 316 ఉప్పుకి బాగా ఓర్చుతుంది. నట్టూ బోల్టూ రెండూ స్టెయిన్‌లెస్ అయితే మరకి గ్రీజు రాయండి, లేకపోతే ఒకదాన్నొకటి కరుచుకుని ఇక ఊడవు.

చీమకుర్తి క్వారీల దగ్గర తిరిగే బండ్ల బాధ దుమ్ము. గ్రానైట్ పొడి, గ్రీజు కలిస్తే అది రుబ్బే ముద్ద. అక్కడ బుష్ రకం కన్నా బుష్ మీద రబ్బరు బూటు (దుమ్ము ఆపే తొడుగు) ముఖ్యం. డెల్రిన్ వేసి, గ్రీజు పలచగా రాసి, బూటు తొడగండి. బూటు చిరిగితే గ్రీజు ఉన్నదాని కన్నా లేనిదే నయం. గన్‌మెటల్ గురించి అక్కడ ఆలోచించనే వద్దు.

ముక్కలు దొరకని పాత బండి ఉన్నవాళ్లకే లేత్ పని నిజంగా కావాలి. నెల్లూరువాళ్లు చెన్నై వెళ్లినప్పుడు పుదుపేటలో పాత ముక్క దొరుకుతుందేమో చూస్తారు, ఒంగోలు వైపువాళ్లు విజయవాడ ఆటోనగర్‌కి పోతారు. పాత ముక్క దొరికితే దాన్ని వాడటానికి కాదు, కొలతకి కొనండి. మీ దగ్గర అరిగిపోయినదాన్ని చూసి కొత్తది తీయిస్తే, కొత్తది కూడా అరిగిన కొలతలోనే వస్తుంది. ఈ తప్పు నేను చూసినన్నిసార్లు ఇంకే తప్పూ చూడలేదు.

ఇంజనీరింగ్ చదివే పిల్లలు, సొంతంగా డిజైన్ చేసుకునే సరదా ఉన్నవాళ్లు త్రీడీ ప్రింట్‌తో మొదలుపెట్టండి. మూడు కొలతల్లో మూడు ముక్కలు ప్రింట్ తీసి, ఏది సరిగ్గా ఎక్కిందో చూసి, ఆ కొలతతో డెల్రిన్ తీయించండి. ఇంకో ఆర్నెల్లలో బండి అమ్మేసేవాళ్లయితే కంపెనీ ముక్క వేసి ఊరుకోండి. కొనేవాడి మెకానిక్ లేత్ బుష్ చూశాడంటే గేర్‌బాక్సే పాడైందని బేరం మొదలుపెడతాడు.

టర్నర్‌కి ఏం చెప్పాలి

బుష్ ఒకటి, పాత లివర్ ఒకటి తీసుకెళ్లి "ఇలాంటిది తియ్యన్నా" అంటే మంచి టర్నర్ కూడా ఊహించాల్సిందే. ఒక కాగితం మీద ఇవి రాసి ఇవ్వండి. బంతి వ్యాసం వెర్నియర్‌తో మూడు వైపులా కొలిచి, అన్నిటికన్నా పెద్దది రాయండి. లోపలి గుంత దానికన్నా 0.1 మిల్లీమీటరు ఎక్కువ. మూతి బంతి కన్నా అర మిల్లీమీటరు చిన్నది, మూతి అంచు ఏటవాలుగా. మూతి నుంచి కిందికి నాలుగు సన్నని చీలికలు, ఒక్కో చీలిక చివర చిన్న గుండ్రటి రంధ్రం. ఆ రంధ్రం లేకపోతే చీలిక అక్కడి నుంచే చిట్లుతుంది. రాడ్ అయినా బుష్ అయినా, లావు మారే ప్రతి చోటా లోపలి మూల గుండ్రంగా ఉండాలి, కత్తిరించినట్టు నిలువుగా వద్దు. నేను చూసిన విరిగిన రాడ్లన్నీ అలాంటి మూల దగ్గరే విరిగాయి.

బుష్ బయటి వ్యాసం కేబుల్ కన్ను (బుష్ కూర్చునే చివరి రంధ్రం) కన్నా చిన్నగా ఉండి, కాలర్‌తో ఆగేలా చేయించండి. సుత్తితో కొట్టి దూర్చే కొలత అడగొద్దు. ఇంకో మాట, ఒకటి కాదు మూడు తీయించండి. మిషన్ మీద ముక్క బిగించి కొలతలు సరిచేయడానికి పట్టే సమయమే ఎక్కువ, రెండోదీ మూడోదీ నిమిషాల పని.

వేశాక వెయ్యి కిలోమీటర్లకి ఒకసారి బానెట్ ఎత్తి చూడండి. బుష్ మూతి చుట్టూ తెల్ల పొడి కనిపిస్తే డెల్రిన్ అరుగుతోందన్నమాట, అంటే గుంత బిగువుగా ఉంది. గోధుమ రంగు పొడి కనిపిస్తే పిన్ను అరుగుతోంది, ఆ రోజే ఆపి చూడండి. నా బండిలో ఇప్పుడున్న డెల్రిన్ వేసి రెండేళ్లు దాటింది. మిగతా రెండూ కవర్లో చుట్టి, వేసిన తేదీ రాసి డ్యాష్‌బోర్డు పెట్టెలో పెట్టాను, పక్కనే బైండింగ్ వైరు కూడా ఉంది.